కంప్యూటరు కావలి విద్య - మన పిల్లలు

(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠము)



నేను ఉర్దూ మీడియం పాఠశాలలో లెక్కలు చెప్పుకొను ఉపాధ్యాయుడను. తెలుగులో ప్రసంగించుట నాకు అలవాటు లేదు. కాని మన పిల్లలలో చాలామంది ఇప్పుడు ఉర్దూ చదవలేకున్నారనీ, సావనీరులో తెలుగు వ్యాసము కూడా ఉండవలెననీ కార్యదర్శి గారు పట్టుబట్టినందున తెలుగులోనే వ్రాసుకొని వచ్చితిని. తప్పులుంటే మన్నించగలరు. నా తెలుగులో ఒత్తులు తప్పిపోతే మా బడి తెలుగు పండితులను నిందించవద్దు, వారు చాలా కష్టపడినారు.

నాకు ఇచ్చిన విషయము "విద్య - ఉపాధి". ఇది గోల్కొండ కోట అంత పెద్దది. నేను అందులో ఒక్క గది తలుపు మాత్రమే తీసి చూపిస్తాను. సమాచార భద్రత అనే విద్య, దానికి ఇచ్చే పట్టా, ఆ పట్టా కొరకు మన బస్తీ పిల్లవాడొకడు పడిన పాట్లు. ఈ కథలో మన సంఘము ఉన్నది. నేనూ ఉన్నాను, అంత మంచి పాత్రలో మాత్రము కాదు.

పాత సభ్యులకు జ్ఞాపకముండవచ్చు. 2018లో మన విద్యా నిధి నుండి ఒక కుర్రవానికి 45 వేల రూపాయలు వడ్డీ లేని అప్పు ఇచ్చితిమి. జామీను సంతకము నాది. మరుసటి సంవత్సరము కార్యవర్గ సమావేశములో "కంప్యూటరు కోర్సులకు ఇకమీదట అప్పు లేదు" అని తీర్మానము చేసినారు. ఆ తీర్మానము నేటికీ అమలులో ఉన్నది. అది ఎందుకు వచ్చినదో, ఆ తరువాత ఏమైనదో చెప్పుటకే ఈ రోజు నిలబడితిని.

పిల్లవాని పేరు చెప్పను. చెప్పవద్దని అతడే కోరినాడు. తండ్రి ఆటో నడుపుతాడు, తల్లి ఇంట్లో కార్చోబ్ పని చేస్తుంది. పదవ తరగతి వరకు నా దగ్గర ఉర్దూలోనే చదివినాడు. తరువాత ఇంటరు, 2017లో బి.కాం. కంప్యూటర్స్ పూర్తి చేసినాడు. ఒకరోజు మా ఇంటికి వచ్చి "సర్, సెక్యూరిటీ పని నేర్చుకుంట" అన్నాడు. వెనుకనే అతని తల్లి వచ్చింది. "మాస్టర్ సాబ్, డిగ్రీ దాకా చదివించినం, గేటు కాడ నిలబెట్టే పనికి పంపుతరా?" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నది. ఆమె తప్పు లేదు. మాదాపూర్ వైపు సెక్యూరిటీ అంటే నీలం చొక్కా, ఈల, రిజిస్టరు అనే కదా మనకు తెలిసినది.

1998 నవంబరు 22న సైబర్ టవర్స్‌ను అప్పటి ప్రధాని వాజపేయి గారు ప్రారంభించినప్పుడు నేను కుర్రవాడను. అదే సంవత్సరములో మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయము కూడా ఏర్పడినది. దాని ఆవరణ ఇప్పుడు గచ్చిబౌలిలో ఉన్నది. ఆ గుండ్రటి భవనానికీ ఈ విశ్వవిద్యాలయానికీ మధ్య ఏడెనిమిది కిలోమీటర్లకు మించి దూరముండదు. కాని ఇక్కడి నుండి అక్కడికి వెళ్ళే పిల్లలు ఎందరు? మనవాళ్ళు ఆ భవనాలకు వెళ్ళలేదని కాదు. క్యాబులు నడుపుటకు, ఏ.సి.లు బాగుచేయుటకు, క్యాంటీనులకు సరుకు వేయుటకు వెళ్ళినారు. అవి తక్కువ పనులని నేను అనను. కాని లోపలి కుర్చీ సంగతి వేరు.

ఇంతకీ ఆ లోపలి కావలి పని ఏమిటి? పెద్ద పెద్ద కంపెనీలలో రాత్రింబవళ్ళు మూడు షిఫ్టులుగా కొందరు తెరల ముందు కూర్చుంటారు. ఎవరు ఏ కంప్యూటరులోకి ప్రవేశించినారు, ఏ దేశము నుండి తలుపు తట్టినారు, అర్ధరాత్రి రెండు గంటలకు లెక్కల గుమాస్తా పేరుతో ఎవరు లోపలికి వచ్చినారు అనేది పట్టీలుగా నడుస్తూ ఉంటుంది. అనుమానము తగిలితే గంట మ్రోగుతుంది. అది నిజమైన దొంగా, పాస్‌వర్డు మరచిపోయిన పెద్దాయనా అని తేల్చుట మొదటి మెట్టు ఉద్యోగి పని.

ఇది ఎక్కడో అమెరికా గొడవ అనుకోకండి. 2017 మే నెలలో వన్నాక్రై అనే బెడద ప్రపంచమంతా కంప్యూటర్లకు తాళాలు వేసి డబ్బు అడిగినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు వారి కంప్యూటర్లు కూడా కొన్ని చిక్కుకున్నవి. 2022 జనవరిలో మన నగరములోని మహేష్ సహకార బ్యాంకు నుండి దాదాపు 12 కోట్ల రూపాయలు దొంగలు కంప్యూటరు ద్వారానే తరలించినారు. గోడకు కన్నము లేదు, తాళము పగలలేదు. ఉద్యోగులకు వచ్చిన మోసపు ఈమెయిలు ద్వారా లోపలికి చొరబడినట్లు పోలీసులు తెలిపినారు. మన దుకాణదారులు ఎందరో ఇటువంటి సహకార బ్యాంకులలోనే కదా పైసా పైసా దాచుకొనేది.

సరే, కథకు వస్తాను. అప్పు తీసుకొని పిల్లవాడు అమీర్‌పేటలో ఒక కోచింగు కేంద్రములో చేరినాడు. 28 వేలు కట్టించుకున్నారు. సెక్యూరిటీ ప్లస్ అనే పరీక్ష, అమెరికాలోని కాంప్‌టియా సంస్థ పెట్టునది, ఈ దారిలో మొదటి మెట్టు. 90 నిమిషాలు, 90కి మించని ప్రశ్నలు, 100 నుండి 900 వరకుండే కొలతలో 750 రావలెను. ఆ కేంద్రము వారు పాఠము చెప్పుటకు బదులు డంపులు ఇచ్చినారు. డంపు అనగా పరీక్ష వ్రాసి వచ్చినవారు దొంగచాటుగా జ్ఞాపకము పెట్టుకొని వ్రాసిన ప్రశ్నలు. వాటిని బట్టీ పట్టించినారు. 2018 అక్టోబరులో వ్రాసినాడు, తప్పినాడు. ప్రశ్నలు మారిపోయినవి, బట్టీ పట్టిన జవాబులలో కొన్ని మొదటికే తప్పు. దీని గురించి ఎక్కువ చెప్పను. డంపులతో పట్టుబడితే పట్టా రద్దు చేసి మళ్ళీ పరీక్షకు రానివ్వరు అన్న సంగతి ఒక్కటి గుర్తుపెట్టుకుంటే చాలు.

రెండవసారి 2019 ఫిబ్రవరిలో ఫీజు తల్లి కట్టింది. నాలుగు నెలల కార్చోబ్ డబ్బు అది. ఈసారి పిల్లవాడు నిజంగా చదివినాడు. పరీక్ష నాడు ఉదయము ఎనిమిది గంటలకు బయలుదేరి పోయి, పది గంటలకల్లా ఇంటికి వచ్చేసినాడు. లోపలికే రానివ్వలేదు!

కారణమేమిటో వినండి. పరీక్షకు పేరు నమోదు చేసుకొన్నప్పుడు పదవ తరగతి మెమోలో ఉన్నట్లు "ఎండి" అని వ్రాసినాడు. చూపించిన డ్రైవింగ్ లైసెన్సు మీద "మొహమ్మద్" అని పూర్తిగా ఉన్నది. గుర్తింపు కార్డు మీది పేరు, నమోదు చేసిన పేరు ఒక్కటిగా ఉండవలెనని నియమము. "ఎండి అంటే మొహమ్మదే" అని ఇతడు ఎంత చెప్పినా ఆ కౌంటరు మీది మనిషికి అధికారము లేదు. ఫీజు పోయింది.

నేను కోప్పడినాను. "నియమాలు చదవవా? ఇంత అజాగ్రత్తా?" అని అందరి ముందు తిట్టినాను. తలవంచుకొని విన్నాడు. ఇంటికి వెళ్ళిన తరువాత రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే పదవ తరగతి నామినల్ రోలు వ్రాసినది ఎవరు? క్లాసు టీచరు. ఆ సంవత్సరము క్లాసు టీచరు ఎవరు? నేనే. గడి చిన్నదిగా ఉన్నదని, ఎప్పటి నుండో అలవాటని, నలభై ఇద్దరు పిల్లలలో మొహమ్మద్ అన్న ప్రతివానికీ "ఎండి" అని పెట్టి పంపితిని. కొందరికి చుక్క పెట్టినాను, కొందరికి పెట్టలేదు. ఆడపిల్లల పేర్లలో బేగం కొందరికి ఉంచినాను, కొందరికి చోటు లేక కొట్టేసినాను. ఆ రాత్రి లేచి నా పాత డైరీ తీసి చూచుకొంటే నాకే సిగ్గు వేసింది. పరాయి దేశములో ఎండి అంటే డాక్టరు డిగ్రీ అనుకుంటారట!

మరుసటి దినము వారింటికి పోయి తల్లితో నిజము చెప్పితిని. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత "చాయ్ తాగి పొండి మాస్టర్ సాబ్" అన్నది. మూడవసారి ఫీజు నేను కట్టితిని. ఇది ఉపకారము కాదు, నష్టపరిహారము.

అందుకని తల్లిదండ్రులకు నా విన్నపము. బడిలో చేర్చిన రోజునే పుట్టిన తేదీ పత్రము, ఆధారు, బడి రిజిస్టరు మూడింటిలో ఇంగ్లీషు అక్షరాలు ఒక్కటిగా ఉన్నవా చూచుకోండి. తొమ్మిదవ తరగతిలో నామినల్ రోలు వెళ్ళకముందే మళ్ళీ చూడండి. మెమో వచ్చిన తరువాత దిద్దించుకోవాలంటే ఎన్ని కార్యాలయాలు తిరగవలసి ఉంటుందో తిరిగినవారికే తెలుసు. పరీక్షకు నమోదు చేసుకొనే పిల్లలు జేబులో ఏ కార్డు తీసుకుపోతారో ఆ కార్డు మీద ఉన్నట్లే వ్రాయండి. తప్పు పడితే పరీక్ష తేదీకి ముందే ఆ సంస్థకు వ్రాసి మార్పించుకోవచ్చును. ఇప్పుడు మా బడిలో ఎవరి పేరూ "ఎండి" అని నేను వ్రాయను, గడి చాలకపోతే అక్షరాలు చిన్నవి చేస్తాను.

2019 మే నెలలో సెక్యూరిటీ ప్లస్ పాసయినాడు. కాని అంతకు ముందే మార్చి సమావేశములో మన వారు తీర్మానము చేసియుండిరి. "ఒకసారి ఫెయిలు, ఒకసారి గేటు నుంచే వాపసు, ఇదేం చదువు" అన్నారు. నేను ఆ సమావేశములో లేచి నా తప్పు చెప్పవలసినది. చెప్పలేదు. ఇప్పుడు చెప్పుచున్నాను.

జులైలో మాదాపూర్‌లో రాత్రి షిఫ్టు ఉద్యోగము దొరికింది. ఆ సంవత్సరమే మార్చి 20న అమీర్‌పేట నుండి హైటెక్ సిటీకి మెట్రో రైలు మొదలయింది కాబట్టి పోను సులువయింది. రావడానికి మాత్రము తెల్లవారుజామున కంపెనీ క్యాబు. 2020లో మన అప్పు 45 వేలు వాయిదాలలో తీర్చివేసినాడు. రసీదు పుస్తకములో ఉన్నది, చూడవచ్చును.

2021 డిసెంబరులో లాగ్‌ఫోర్‌జే అనే లోపము బయటపడినది. లోకములో లెక్కలేనన్ని కంప్యూటర్లలో వాడే ఒక చిన్న సాధనము అది. దానిలో తలుపు తెరిచియున్నదని తెలిసిన నాటి నుండి మూడు రోజులు ఈ పిల్లవాడు ఇంటికి రాలేదు. తల్లి నాకు ఫోను చేసింది. నేను అతనికి ఫోను చేస్తే "సర్, ఊరందరి ఇండ్లకు ఒకే కంపెనీ గొళ్ళెం ఉన్నదనుకోండి. ఆ గొళ్ళెం పిన్నీసుతో తెరుచుకుంటదని ఇయ్యాల పేపర్ల వచ్చింది. ఇప్పుడు మేము ఏ ఏ ఇంటికి ఆ గొళ్ళెం ఉన్నదో వెతుకుతున్నం" అన్నాడు. నాకు ఇరవై ఏండ్లుగా పాఠము చెప్పే అనుభవము ఉన్నది, ఇంత మంచి ఉపమానము నాకు తట్టదు.

ఆ తరువాతనే పెద్ద పరీక్ష మాట ఎత్తినాడు. సి.ఐ.ఎస్.ఎస్.పి. అంటారు. ఐ.ఎస్.సి.టూ అనే సంస్థ 1989లో ఏర్పడి 1994 నుండి ఈ పట్టా ఇస్తున్నది. ఫీజు 749 డాలర్లు, ఆనాటి లెక్కలో దాదాపు 58 వేల రూపాయలు. ఎనిమిది భాగాలున్నవి. ప్రమాదాల అంచనా, ఆస్తుల రక్షణ, నిర్మాణము, నెట్‌వర్కులు, ఎవరికి ప్రవేశము ఎవరికి లేదు అన్న నిర్ణయము, పరీక్షించుట, రోజువారీ కాపలా, సాఫ్ట్‌వేరు తయారీ. వేయికి 700 రావలెను. ఈ పరీక్ష విచిత్రమేమంటే కంప్యూటరే మీ జవాబును చూచి తరువాతి ప్రశ్న ఎంచుకుంటుంది. వెనుకకు పోయి దిద్దుకొనే వీలు లేదు. 100 ప్రశ్నలు దాటిన తరువాత ఎప్పుడైనా ఆగిపోవచ్చు, 150 వరకు సాగవచ్చు, సమయము 3 గంటలు. 2022 జూన్ నుండి 2024 ఏప్రిల్ వరకు దీనిని 125 నుండి 175 ప్రశ్నలుగా, 4 గంటలుగా మార్చి, మళ్ళీ పాత కొలతకే తెచ్చినారు. కాబట్టి సీనియర్లు చెప్పిన మాట కాక ఆ సంస్థ వారి నియమావళిని ఏ రోజుకు ఆ రోజు చూచుకొనవలెను.

ఇంగ్లీషు మన పిల్లలకు పెద్ద గోడ. ఇతనికి యంత్రము అర్థమవుతుంది, వాక్యము అర్థము కాదు. "వీటిలో అన్నిటికన్నా మంచి జవాబు ఏది", "మొదట చేయవలసినది ఏది" అని అడుగుతారు. నాలుగూ నిజమే ఉంటాయి, ఒకటి మాత్రమే ముందుది. మేమిద్దరము ఆదివారము ఆదివారము కూర్చొని ఒక నోటుబుక్కు చేసితిమి. మూడు గడులు: ఇంగ్లీషు మాట, ఉర్దూ మాట, తెలుగు మాట. ఇది కొత్త సంగతి ఏమీ కాదు. 1917లో మన హైదరాబాదులోనే దారుల్ తర్జుమా పెట్టి శాస్త్ర గ్రంథాలన్నీ ఉర్దూలోకి తెచ్చి, 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయములో వైద్యము, ఇంజనీరింగు కూడా ఉర్దూలో చెప్పినారు. మాది ఆ పనికి ముని మనుమడు వంటి చిన్న నోటుబుక్కు.

అందులో ఒక పుట చెప్తాను. ఆథెంటికేషన్, ఆథరైజేషన్ అని రెండు మాటలు. వినడానికి కవల పిల్లలు. ఇతడు ప్రతిసారీ తారుమారు చేసేవాడు. నేను షాదీఖానా ఉదాహరణ చెప్పితిని. గేటు దగ్గర "మీరెవరు, ఎవరి తరఫు" అని అడిగి గుర్తుపట్టడము మొదటిది, అది శనాఖ్త్. లోపలికి వచ్చినంత మాత్రాన జనానా వైపు పోవడానికి వీలు లేదు, అది రెండవది, ఇజాజత్. ఆ తరువాత అతడు ఎన్నడూ తప్పలేదు.

ఇంకొక పుట నా సొంత విద్య. ప్రమాదానికి ధర కట్టుట. ఒక దుకాణములో 60 వేల కంప్యూటరు ఉన్నదనుకోండి. పాడైతే సగము విలువ పోతుంది, అంటే 30 వేలు. అటువంటి పాడు అయిదేండ్లకు ఒకసారి వస్తుంది. అప్పుడు సంవత్సరానికి నష్టము 6 వేలు. దానిని కాపాడుటకు ఏటా 10 వేల తాళము కొనేవాడు అవివేకి. పరీక్షలో ఇదే లెక్క పెద్ద పెద్ద పేర్లతో వస్తుంది. ఆరవ తరగతి భిన్నాలు వస్తే చాలు. మా పిల్లలు "భిన్నాలు ఎందుకు సర్, బతుకులో పనికొస్తయా?" అని అడిగితే ఇప్పుడు నా దగ్గర జవాబు ఉన్నది.

మరొక సంగతి పిల్లలకు చాలా ఇష్టము. రహస్య లిపిని విప్పే శాస్త్రము మీద తొమ్మిదవ శతాబ్దములో బాగ్దాదుకు చెందిన అల్ కిందీ గ్రంథము వ్రాసినాడు. ఏ అక్షరము ఎన్నిసార్లు వచ్చినదో లెక్కపెట్టి గుప్త లేఖను చదువవచ్చునని అందులో చూపినాడు. సైఫర్ అనే ఇంగ్లీషు మాట అరబ్బీ సిఫర్ నుండి, అనగా సున్న నుండి, పుట్టినది. నేను ఏడవ తరగతిలో పత్రిక కాగితము ఇచ్చి అలిఫ్ ఎన్నిసార్లు వచ్చినదో లెక్కపెట్టమంటాను. గంట కొట్టినా లేవరు.

2022 మే నెలలో పరీక్ష. కేంద్రము బయట టీ బండి దగ్గర నేను కూర్చుంటిని. జేబులోవన్నీ లోపల పెట్టెలో పెట్టించినారట, చేతివాచీతో సహా. అరచేతి నరాల ముద్ర తీసుకున్నారట. అయిదో చాయ్ తాగుచుండగా బయటకు వచ్చినాడు. ముఖము చూస్తే ఏమీ తెలియలేదు. చేతిలో మడత కాగితము. "సర్, నూరో ప్రశ్నకే ఆగిపోయింది. మీరే చూడండి" అన్నాడు. మార్కులు లేవు. పాసయినవారికి మార్కులు చెప్పరట, పాసయినాడని మాత్రమే ఉన్నది.

ఇక్కడ కథ అయిపోతే బాగుండేది. కాని పరీక్ష పాసయినంత మాత్రాన పట్టా చేతికి రాదు. ఎనిమిది భాగాలలో కనీసము రెండింటిలో అయిదేండ్ల పని అనుభవము ఉండవలెను. సెక్యూరిటీ ప్లస్ ఉన్నందున ఒక ఏడు తగ్గుతుంది, నాలుగేండ్లు. ఇతనికి మూడేండ్లు కూడా నిండలేదు. అటువంటివారికి అసోసియేట్ అని పేరు ఇచ్చి అనుభవము నింపుకొనుటకు ఆరేండ్ల గడువు ఇస్తారు. అంటే 2023 జులై వరకు ఆగవలెను. సరిగ్గా ఆ సమయములోనే గచ్చిబౌలిలో ఒక పెద్ద ఉద్యోగము ఎదురుగా వచ్చినది, జీతము ఇంచుమించు రెండింతలు. షరతు ఒకటే, పూర్తి పట్టా ఉండవలెను. ఇంట్లో చెల్లెలి సంబంధము కుదిరియున్నది.

ఒక సాయంకాలము వచ్చి కూర్చున్నాడు. "సర్, పదిహేను వేలిస్తే 2017 నుంచి 2019 దాకా పనిచేసినట్టు ఎక్స్‌పీరియన్స్ లెటర్ ఇస్తరట. ఫోన్ చేసి అడిగితే అవునని చెప్పే మనిషి కూడా ఉన్నడట" అన్నాడు. అటువంటి కాగితాలు మన నగరములో అమ్ముడుపోతాయని మీలో చాలామందికి తెలుసు. నేను ఏమన్నానో దాచను. చెల్లెలి పెళ్ళి, తల్లి కళ్ళు మసకబారడము తలచుకొని, "అందరూ చేస్తున్నారు గదా బాబూ" అన్నాను. ముప్పై మంది పిల్లలకు కాపీ కొట్టవద్దని రోజూ చెప్పే నోటితోనే అన్నాను.

అతడు నావైపు కొంచెము సేపు చూచినాడు. "సర్, రాత్రంతా నేను చేసే పని ఏంది? దొంగ పేరుతో లోపలికొచ్చేటోణ్ణి పట్టుకొనుడు. నేనే దొంగ కాగితంతో లోపలికి పోతే రేపు నాలాంటోడు ఇంకొకడు నన్ను పట్టుకుంటడు" అన్నాడు. ఆ సంస్థ వారి ధర్మనియమాలు నాలుగింటిలో సమాజ రక్షణ మొదటిది, నిజాయితీగా న్యాయబద్ధముగా నడుచుకొనుట రెండవది. వాటికి ఒప్పుకుంటేనే పట్టా. అనుభవానికి మరొక పట్టాదారు సాక్ష్యము చెప్పవలెను, కొందరి కాగితాలను తీసి తనిఖీ కూడా చేస్తారు. కాని అతడు తనిఖీకి భయపడి వద్దన్నాడని నాకు తోచలేదు.

ఆ ఉద్యోగము పోయింది. చెల్లెలి పెళ్ళి ఒక సంవత్సరము వెనుకకు జరిగింది. వరుని తరఫువారు ఒప్పుకున్నారు, అది మన అదృష్టము, ఒప్పుకోకపోయి ఉంటే ఏమనుకొనేవారమో తెలియదు. 2023 జులైలో నాలుగేండ్లు నిండినవి, సెప్టెంబరులో పట్టా వచ్చినది. ఇప్పుడు ఏటా 135 డాలర్ల చందా కట్టాలి, మూడేండ్లలో 120 గంటల లెక్కన కొత్త చదువు చదివినట్లు చూపాలి. లేకుంటే పట్టా పోతుంది. మా ఉపాధ్యాయులకు ఇటువంటి నియమము లేనందుకు మేము సంతోషించవలెనో విచారించవలెనో!

ఇక ఇంటి సంగతి ఒకటి. కోపగించుకోవద్దు. ఈ విద్యలో మొదటి పాఠము మూడు మాటలు: చూడకూడనివారు చూడకుండుట, వ్రాసినది మారకుండుట, కావలసినప్పుడు దొరుకుట. మన సంఘము జకాతు దరఖాస్తులకు ఈ మూడింటినీ పెట్టి చూడమని పిల్లవాడు నన్ను అడిగినాడు. చూచితిని. విధవరాండ్ర ఆధారు కార్డుల ఫోటోలు, రోగుల రిపోర్టులు మన వాట్సాప్ గుంపులో 180 మందికి పైగా చూస్తున్నారు. ఎవరు ఏమి అడుక్కున్నారో బస్తీకంతా తెలుస్తుంది. ఒక తల్లి ఈ కారణము చేతనే రెండవసారి దరఖాస్తు పెట్టలేదని మా ఆవిడ ద్వారా తెలిసింది. లెక్కల ఫైలు ఎవరైనా దిద్దవచ్చును, ఎవరు దిద్దినదీ తెలియదు. అల్మారా తాళము చెవి ఒక్కరి దగ్గరే ఉండి, వారు పోయిన రంజానులో దుబాయిలో ఉండుట మీ అందరికీ తెలిసిన సంగతే. మూడింటికి మూడూ తప్పినాము. 2023లో పార్లమెంటు వ్యక్తుల వివరాల రక్షణకు చట్టము కూడా చేసినది. చట్టము సంగతి అటుంచి, ఆ ఫోటోలను ఈ రాత్రికే మీ మీ ఫోనుల నుండి తీసివేయమని కోరుతున్నాను. దరఖాస్తులు ఇద్దరు సభ్యుల దగ్గర మాత్రమే ఉండే ఏర్పాటును ఆ పిల్లవాడు ఉచితముగా చేసి ఇస్తానన్నాడు.

అప్పుల తీర్మానము విషయము. రద్దు చేయమని నేను అడుగుచున్నాను, కాని పాత పద్ధతిలో ఇవ్వవద్దు. కోచింగు కేంద్రానికి పైసా ఇవ్వకూడదు. పరీక్ష ఫీజు మాత్రమే, అదీ సంఘమే నేరుగా కట్టవలెను, పేరు కార్డుతో సరిచూచిన తరువాత. ముందుగా చిన్న పరీక్ష ఒకటి వ్రాసి చూపిన వారికే. అనుభవము అవసరము లేని సర్టిఫైడ్ ఇన్ సైబర్‌సెక్యూరిటీ అనే మెట్టును ఐ.ఎస్.సి.టూ వారే 2022లో పది లక్షల మందికి ఉచితముగా ఇస్తామని ప్రకటించి మొదలుపెట్టినారు. నమోదుకు ముందు నాటి షరతులు చూచుకోండి. లెక్కల తనిఖీ మీద ఇష్టమున్న బి.కాం. పిల్లలకు సి.ఐ.ఎస్.ఏ. అనే పట్టా ఉన్నది, 1978 నుండి నడుస్తున్నది, ఐసాకా అనే ఆ సంస్థకు మన నగరములో శాఖ కూడా ఉన్నది. ఇంగ్లీషు చదివి అర్థము చేసుకొనుటకు ఆదివారము తరగతి నేను తీసుకుంటాను. నోటుబుక్కు జెరాక్సు తీయించి ఉంచినాను, ఇప్పటికి 640 మాటలు ఉన్నవి.

"రాత్రి షిఫ్టులకు ఆడపిల్లలను ఎట్లా పంపుతాము" అని ఒక పెద్దమనిషి ఇందాక భోజనాల దగ్గర నన్ను అడిగినారు. ప్రశ్న న్యాయమైనదే. తనిఖీ, పత్రాలు, నియమాల అమలు వంటి శాఖలలో పగటి పని ఎక్కువ, కొంత ఇంటి నుండి కూడా చేస్తున్నారు. పంపాలా వద్దా అన్నది ఆ ఇంటివారు, ఆ అమ్మాయి కలిసి తేల్చుకొనవలసినది. అప్పు ఇవ్వాలా వద్దా అన్నది మాత్రము మనము తేల్చవలసినది.

ఈ సంవత్సరానికి రెండు దరఖాస్తులు నా దగ్గర ఉన్నవి. ఒకటి మా బడి పాత విద్యార్థిది, రెండవది పెళ్ళి వెనుకకు జరిగిన ఆ చెల్లెలిది. ఇప్పుడు అత్తవారింట ఉండి చదువుకొనుచున్నది, భర్త సంతకము కూడా చేసినాడు. ఇద్దరి పేర్లూ కార్డులతో అక్షరము అక్షరము సరిచూచినాను. జామీను సంతకము నేను చేసియున్నాను. వీటిని కార్యదర్శి గారి చేతికి ఈ సభలోనే ఇచ్చుచున్నాను. వాట్సాప్‌లో పెట్టవద్దని మనవి.